ఊపిరి తీసేసిన గొంతు

ఆమెను వీధిలో అందరూ రేడియో అంటారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది కానీ, అది కాగితాల మీద తప్ప ఎవరి నోటా వినపడదు. ఆ పిలుపు ఎనిమిదో ఏట మొదలైంది. తండ్రి దర్జీ. అక్షరం ముక్క రాదు, కానీ లోకంలో ఏం జరుగుతోందో తెలియకపోతే ఆయనకు పొద్దు గడవదు. అందుకని బడి నుంచి రాగానే కూతుర్ని కుట్టు మిషను పక్కన ఎత్తుపీట మీద కూర్చోబెట్టి పేపరు చదివించేవాడు. మిషను చప్పుడు మీద గొంతు వినపడాలి. అలాగని అరిస్తే నాన్నకు విసుగు. అరవకుండా వినిపించే విద్య ఆ పిల్లకు అక్కడే పట్టుబడింది. ఒక్కో మాటా విడివిడిగా, చివరి అక్షరం మింగేయకుండా, మడత బట్ట మీద కత్తెర నడిచినట్టు చదివేది. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు పని అయిపోయాక కూడా గుమ్మంలో నిలబడి వినిపోయేవారు.

పెద్దయ్యాక ఓ బట్టల కొట్లో ఉద్యోగం దొరికింది. మైకు ముందు కూర్చుని ఏ అంతస్తులో ఏమున్నాయో చెప్పడం, తప్పిపోయిన పిల్లల ఆనవాళ్ళు చదవడం. ఓ రోజు చొక్కా గుడ్డ కొనడానికి వచ్చిన ఓ మనిషి గుడ్డ సంగతి మరిచిపోయి నేరుగా ఆమె దగ్గరికొచ్చాడు.

"అమ్మాయ్, ఆ తప్పిపోయిన పిల్లాడు దొరికాడా?"

"ఇంకా లేదండి."

"దొరుకుతాడులే. నువ్వు చెప్పిన తీరుకు నేనే వెతకబోయాను. రేపు ఓసారి మా స్టూడియోకి రా."

ఆయన్ని గొంతు రికార్డింగుల పనిలో ఉన్నవాళ్ళు చెవులాయన అని పిలుస్తారు. పక్క మేడలో ఫ్యాను తిరుగుతుంటే ఇక్కడ రికార్డింగు ఆపేసేవాడు. మెట్లెక్కే అడుగుల చప్పుడు బట్టి వచ్చేదెవరో, వాళ్ళకు జలుబు చేసిందో లేదో చెప్పేవాడు. ఆయన స్టూడియో ఒకప్పుడు సామాన్ల గది. గోడలకు పాత పరుపులు కొట్టి, వాటి మీద నల్లగుడ్డ బిగించాడు. మధ్యలో అద్దం. అద్దానికి అటు ఆయన, ఇటు మైకు.

మైకుకు ఎంత దూరంలో నిలబడాలో, నోరు తడారితే ఆపిల్ ముక్క కొరికి ఎలా నెట్టుకురావాలో, గలగలలాడే నగలూ గరగరలాడే బట్టలూ ఎందుకు పనికిరావో అన్నీ ఆయనే నేర్పాడు. వారం తిరక్కుండానే ఆమె ఆయన్ని అన్నయ్యా అని పిలవడం మొదలుపెట్టింది. ఆయన భార్య వదిన అయింది.

పద్దెనిమిదేళ్ళు అలా గడిచాయి. తలనొప్పి మాత్రలు అమ్మింది, సబ్బులు అమ్మింది, పరాయి భాషల సీరియళ్ళలో ఏడ్చే తల్లులందరి తరఫునా తానే ఏడ్చింది. ఊళ్ళో సగం లిఫ్టుల్లో "తలుపులు మూసుకుంటున్నాయి" అనేది ఆమే. భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. "ఇంట్లో నువ్వే, పనిలోనూ నువ్వే. నాకు సెలవెక్కడే?" అని నవ్వేవాడు.

మధ్యలో ఒకసారి గొంతుకు ఆపరేషను జరిగి నాలుగు నెలలు మాట బయటికి రాలేదు. ఈ పనిలో నాలుగు నెలలంటే మాటలు కాదు. మన చోటు ఇంకొకరు ఎత్తుకుపోతారు. చెవులాయన ఎత్తుకుపోనివ్వలేదు. ఆమె చెయ్యాల్సిన సీరియలు వాళ్ళతో తగవు పడి మరీ ఆపి ఉంచాడు. వారానికోసారి ఇంటికొచ్చి, ఎదురుగా కూర్చుని, "అ అను. ఊ, కిందటి వారం కంటే నయం," అనేవాడు. అందుకే ఆమె లెక్కలో తోడబుట్టినవాడు లేని లోటు తీర్చినవాడు ఆయనే.

ఆ అన్నయ్య ఓ రోజు కబురు పెట్టాడు.

"పెద్ద పనమ్మా. ఇరవై రోజులు. నాలుగు వేల వాక్యాలు. చూపు లేని పిల్లలకు పాఠాలు చదివి వినిపించే యంత్రమట. నీ గొంతే కావాలన్నారు."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అలాంటి పిల్లల దగ్గర పూర్తి రేటు ఏం తీసుకుంటాం అన్నయ్యా? సగం చాలని చెప్పు," అంది. ఆయన కాదనలేదు.

ఒక్కటే చిక్కు వచ్చింది. అంతకు ముందు వారమే మెట్ల మీద జారిపడి ముందు పన్ను సగం విరిగింది. పళ్ళ డాక్టరు తాత్కాలికంగా ఓ తొడుగు పెట్టాడు. దాంతో 'స' అన్నప్పుడల్లా సన్నగా ఈల వస్తోంది.

"అసలు పన్ను కట్టించుకున్నాక చేద్దామా అన్నయ్యా?"

"వాళ్ళు ఆగరమ్మా. పిల్లలకేగా. నేను సర్దుతాలే."

ఆ వాక్యాలు చిత్రంగా ఉండేవి. "నీలం గొడుగు కింద ఏడు తాళాలు ఉన్నాయి." "రేపటి రైలు నిన్ననే వెళ్ళింది." ఒకే వాక్యం కోపంగా ఓసారి, జాలిగా ఓసారి, ఏ భావమూ లేకుండా ఓసారి. పిల్లల పాఠాల్లో ఇవెందుకని అడిగితే, "యంత్రానికి అన్ని అక్షరాలూ తెలియాలి కదమ్మా," అన్నాడు. ఆఖరి రోజు అట్ట మీద ఓ కాగితం పెట్టి అందించాడు. మామూలు రసీదులాంటిదేనన్నాడు. పొట్టకూటి కోసం రోజూ కాగితాలు పైకి చదివే మనిషి, ఆ ఒక్క కాగితం మాత్రం చదవకుండా సంతకం పెట్టింది. పెట్టమన్నది అన్నయ్య కదా.

ఆ తర్వాతి వారమే పన్ను కట్టించుకుంది. ఈల పోయింది.

ఏడాది తిరిగేసరికి పని పలచబడింది. నెలకు పదిహేను రోజులుండే పని ఎనిమిదికి, ఎనిమిది నాలుగుకు వచ్చింది. అడిగితే చెవులాయన, "రోజులు బాగాలేవమ్మా," అనేవాడు. మొహం చూసి అనేవాడు కాదు. ఆమె దాన్ని పట్టించుకోలేదు. ఆయనకూ పని తగ్గి ఉంటుంది పాపం అనుకుంది.

అసలు సంగతి తల్లి ద్వారా బయటపడింది. తల్లి రెండు వీధుల అవతల వేరే ఉంటుంది. కంటిచూపు అంతంతమాత్రం. ఓ రోజు సాయంత్రం రేడియో వెళితే తలుపు తియ్యలేదు. లోపల్నుంచే కేక పెట్టింది.

"వెళ్ళవే, వెళ్ళు! కన్నతల్లితో మాట్లాడే తీరేనా అది?"

"నేనేమన్నానమ్మా?"

"ఏమన్నావా? ఫ్రిజ్జు వాయిదా మూడు రోజుల్లో కట్టకపోతే చర్య తీసుకుంటానన్నావు. ఇంటికి మనుషులొస్తారన్నావు. ఏమిటే ఆ మాటలు, ఒంట్లో బాగుందా అని నేనడుగుతుంటే, చెవుడు వచ్చినట్టు మళ్ళీ మొదట్నుంచీ అదే పాట!"

బతిమాలి తలుపు తీయించి, నచ్చజెబుతుండగానే ఫోను మోగింది. తల్లి దాన్ని తేలును చూసినట్టు చూసింది. రేడియో ఆ ఫోను తీసి చెవికి ఆనించుకుంది.

"మీ వాయిదా సొమ్ము సకాలంలో అందనందున మా సిబ్బంది మీ నివాసానికి రానున్నారని తెలియజేస్తున్నాం."

తన గొంతే. పోలిక కాదు, అనుకరణ కాదు, తనదే. సొమ్ము, సకాలం, సిబ్బంది అన్నప్పుడల్లా సన్నని ఈల. పన్ను విరిగిన ఆ ఇరవై రోజుల్లో తప్ప తన నోట పుట్టని ఈల. ఆమెను భయపెట్టింది అది కూడా కాదు. అంత పొడుగు వాక్యంలో ఆ గొంతు ఒక్కసారైనా ఊపిరి తీసుకోలేదు.

"విన్నావా? నువ్వు కాదంటావా?" అంది తల్లి.

ఆమె ఫోను కట్టేసి బల్ల మీద బోర్లించింది.

మర్నాడు పొద్దున్నే స్టూడియోకి వెళ్ళింది. చెవులాయన అద్దం తుడుచుకుంటున్నాడు. అడుగుల చప్పుడుకే ఎవరో పోల్చుకుని ఉంటాడు, కానీ వెనక్కి తిరగలేదు.

"మా అమ్మను నా గొంతుతో బెదిరిస్తున్నారు అన్నయ్యా."

ఆయన గుడ్డ పక్కన పెట్టాడు. అబద్ధం ఆడతాడని ఆమె ఆశ పడింది. నాకేం తెలియదమ్మా, ఎవడో దొంగిలించాడు, పద, ఇద్దరం వెళ్ళి నిలదీద్దాం అంటాడని. ఆయన అలా అనలేదు. సొరుగు తీసి ఆ కాగితం నకలు ఆమె ముందు పెట్టాడు.

"ఇందులో ఉంది కదమ్మా. 'విద్యా అవసరాలకు, తదితర అవసరాలకు' అని."

"చూపు లేని పిల్లలన్నావు."

"మొదట వాళ్ళు చెప్పింది అదే. తర్వాత కంపెనీ చేతులు మారింది."

"నీకెప్పుడు తెలిసింది?"

"పదకొండో రోజు."

అంటే ఇంకా తొమ్మిది రోజుల పని ఉండగానే. ఆమె పక్కనున్న స్టూలు మీద కూలబడింది.

"చెబితే నేను మానేసేదాన్ని."

"అందుకే చెప్పలేదు. నేను కాకపోతే ఇంకొకడు చేసేవాడమ్మా. నేనైతే శుభ్రంగా చేస్తానని..." ఆయన గొంతు సవరించుకున్నాడు. పని గురించి మాట్లాడేటప్పుడు ఎప్పుడూ వచ్చే ఉత్సాహం, పాపం, అప్పుడూ దాచుకోలేకపోయాడు. "మూడు నెలలు కూర్చున్నాను దాని మీద. ఆ ఈల ఎంత ప్రయత్నించినా పూర్తిగా పోలేదు. ఊపిరి ఉంటే వాళ్ళకు నచ్చలేదు. నీ ఊపిరి మొత్తం నేనే తీసేశాను."

అన్నాక గానీ ఆ మాట ఎలా వినపడుతుందో ఆయనకు తెలియలేదు. తెలిశాక తల దించుకున్నాడు.

"ఎంతిచ్చారు అన్నయ్యా?" అని అడుగుదామనుకుని, అడక్కుండానే ఆమె మెట్లు దిగింది. సగం రేటుకు ఒప్పుకున్నది తానే. మిగతా సగం ఆయన జేబులోకే పోయిందేమోనని అప్పుడే మొదటిసారి అనిపించింది.

ఇంటికొచ్చి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. భర్త పొద్దున పనికి పోతూ, సాయంత్రం వస్తూ, గుమ్మంలో కాసేపు నిలబడేవాడు. మూడో రోజు, "వాడి కాళ్ళు విరగ్గొట్టి రానా?" అన్నాడు.

"నీకంత సీన్ లేదు. పైగా రేపు మెట్లెక్కలేక, లిఫ్టు పెట్టమని నిన్నే పిలుస్తాడు," అంది ఆమె. ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ నవ్వులోంచే ఏడుపూ వచ్చింది.

ఆమెకు అండగా నిలిచింది బామ్మ. బామ్మ అంటే ముప్పై ఏళ్ళ భారీ మనిషి, గుబురు మీసాలు. కానీ మైకు ముందు నిలబడితే ఎనభై ఏళ్ళ ముసలమ్మ దిగొస్తుంది. ఊళ్ళో రికార్డయ్యే బామ్మలు, అమ్మమ్మలు అందరూ అతని గొంతులోంచి వచ్చినవాళ్ళే. రేడియోను అక్కా అంటాడు. విషయం వినగానే తన దగ్గరున్న కాగితాలన్నీ మూట గట్టుకొచ్చాడు. వాటిలో మూడింటిలో అదే "తదితర".

"అక్కా, ఈ తదితర గాడు ఎవడో గానీ మన అందరి ఇళ్ళల్లోనూ దూరాడు," అన్నాడు.

ఇద్దరూ కలిసి కాళ్ళకు చక్రాలు కట్టుకున్నట్టు ఆ పనిలో ఉన్నవాళ్ళ ఇళ్ళన్నీ తిరిగారు. కొందరు విని నిట్టూర్చారు. కొందరు టీ ఇచ్చి పంపారు. "చెవులాయనకు ఎదురెళ్తే రేపటి నుంచి మమ్మల్ని ఎవరు పిలుస్తారు?" అన్నారు చాలామంది. ఆమెతో కలిసి సీరియళ్ళలో పదేళ్ళు కూతురిగా ఏడ్చిన పిల్ల తలుపు చాటు నుంచి, "నేను లేనని చెప్పు," అనడం ఆమె చెవిన పడింది. చివరికి ఆమెతో కలిపి నిలబడింది ఐదుగురు.

కేసు సంగతి అడగడానికి ఓ వకీలమ్మ దగ్గరికి వెళ్ళారు. ఆవిడ ఆఫీసు సైకిలు రిపేరు కొట్టు మీద ఓ చిన్న గది. ఆవిడ కాగితాన్ని రెండుసార్లు చదివింది.

"చదవకుండా సంతకం పెట్టారా?"

"పెట్టానండి."

"అది మన బలహీనత. కానీ తదితర అంటే ఆకాశం కింద ఉన్నదంతా అని కాదు. చదువు చెప్పడానికి ఇచ్చిన గొంతుతో జనాన్ని బెదిరించమని మీరు రాసివ్వలేదు. అయితే ముందు అది మీ గొంతేనని తేల్చాలి. కాదంటారు చూడండి."

"ఎలా కాదంటారండి? ఎవరు విన్నా తెలుస్తుంది."

"తెలియడం వేరు, తేల్చడం వేరు," అంది ఆవిడ.

నోటీసు వెళ్ళింది. నాలుగు నెలలకు, కోర్టుకు పోకముందే రాజీ కుదురుతుందేమో చూడమని ఇరువైపులనూ ఓ మధ్యవర్తి ముందు కూర్చోబెట్టారు. పొడుగాటి బల్ల. అటు కంపెనీ వకీలు, ఇటు వకీలమ్మ, రేడియో, బామ్మ. ఆ గొంతును తయారుచేసిన మనిషిగా చెవులాయన్ని పిలిపించారు. ఆయన ఇస్త్రీ చొక్కాలో వచ్చి, ఎవరి వైపూ చూడకుండా కూర్చున్నాడు.

ఆయన్ని చూడగానే రేడియోకు లోపల ఎక్కడో ధైర్యం వచ్చింది. ఎంత తప్పు చేసినా, చెవి విషయంలో ఆయన అబద్ధం ఆడడు. శబ్దం ఆయనకు దేవుడితో సమానం. అది ఆమెకు పద్దెనిమిదేళ్ళుగా తెలుసు.

కంపెనీ వకీలు మాట్లాడాడు. ఆ గొంతు ఎందరో మనుషుల గొంతుల్ని కలిపి చేసిందట, ఏ ఒక్కరిదీ కాదట. మధ్యవర్తి రెండు రికార్డింగులు పెట్టించారు. మొదటిది ఫోనులో వచ్చిన బెదిరింపు. రెండోది రేడియో పన్ను కట్టించుకున్నాక చదివిన ప్రకటన.

"మీరు ఈ పనిలో ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్నవారు. మొదటిది ఈవిడ గొంతేనా?" అని అడిగారు మధ్యవర్తి.

చెవులాయన కళ్ళు మూసుకున్నాడు. మంచి రికార్డింగు వింటున్నప్పుడు అలాగే మూసుకుంటాడు.

"మరోసారి వినిపించమంటారా?"

"అక్కర్లేదండి." కళ్ళు తెరిచాడు. "పోలిక ఉంది. కానీ ఆమెదే అని చెప్పలేను."

బామ్మ కుర్చీలోంచి లేవబోయాడు. వకీలమ్మ చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. రేడియో మాత్రం కదల్లేదు. అంతవరకూ జరిగిందంతా ఒకెత్తు, ఈ మాట ఒకెత్తు. ఆశ పడి అమ్ముకున్నాడంటే మనిషి బలహీనత అనుకోవచ్చు. మెట్ల మీద తన దగ్గు విని పోల్చుకునే మనిషి, మాట రాని రోజుల్లో తన "అ"లో వారం వారానికీ తేడా పట్టిన మనిషి, ఎదురుగా కూర్చుని నువ్వెవరో తెలియదు అన్నాడు. కంచే చేను మేస్తే చేను ఎవరికి చెప్పుకుంటుంది?

"నేనొక మాట అడగొచ్చాండీ?" అంది ఆమె మధ్యవర్తితో.

"అడగండి."

"వాళ్ళ రికార్డింగులో 'స' వచ్చిన చోటల్లా వినండి. ఈల వస్తుంది. ఇప్పుడు నా మాటలో లేదు, ప్రకటనలోనూ లేదు. ఆ ఇరవై రోజులు నా ముందు పన్ను విరిగి, దాని మీద తొడుగు ఉంది. పళ్ళ డాక్టరు రాసిచ్చిన చీటీ ఇదిగోండి. తొడుగు పెట్టిన తేదీ, తీసిన తేదీ రెండూ ఉన్నాయి. ఆ రెండు తేదీల మధ్య నేను పనిచేసింది ఈయన స్టూడియోలో ఒక్కచోటే. ఎందరో మనుషుల గొంతులంటున్నారు. అందరికీ ఒకేసారి, అదే పన్ను విరిగిందా?"

మళ్ళీ వినిపించారు. సొమ్ము. సకాలం. సిబ్బంది. ఒకసారి చెప్పాక ఇక ఎవరి చెవీ దాన్ని తప్పించుకోలేకపోయింది. కంపెనీ వకీలు కాగితాలు సర్దుకుంటూ, తన పక్షం వాళ్ళతో మాట్లాడి వస్తానని బయటికి వెళ్ళాడు. చెవులాయన బల్ల వైపే చూస్తూ కూర్చున్నాడు.

నెల తర్వాత కంపెనీ దిగొచ్చింది. ఆ గొంతు వాడటం ఆపేస్తామంది, పరిహారం ఇస్తామంది. రెండేళ్ళు కూర్చుని తిన్నా తరగనంత మొత్తం. ఒక్కటే షరతు. ఈ విషయం ఆమె ఎక్కడా, ఎవరితోనూ మాట్లాడకూడదు.

ఆ రాత్రి మొగుడూ పెళ్ళాలు చాలాసేపు మాట్లాడుకున్నారు. ఇంటి అద్దె ఉంది, అమ్మ కంటి ఆపరేషను ఉంది. "నీ ఇష్టం. తీసుకున్నా నేను తప్పనను," అన్నాడు భర్త. పొద్దున్నే ఆమె బామ్మకు ఫోను చేసింది.

"నేను నోరు మూసుకుంటే మీ నలుగురి సంగతేమిట్రా?"

బామ్మ మెల్లగా, "మా సంగతి చూడకక్కా. నీ ఇల్లు చూసుకో," అన్నాడు.

ఆమె ఆ షరతు కొట్టేయమంది. కంపెనీ కూడా మొత్తంలో మూడొంతులు కొట్టేసింది. చివరికి చేతికొచ్చింది ఆ ఇరవై రోజులకు పూర్తి రేటు, పైన మరికొంత. అమ్మ కంటికి సరిపోయింది, అద్దెకు సరిపోలేదు. ఆ గొంతు మాత్రం ఫోన్లలోంచి పోయింది. మిగతా నలుగురి నోటీసులు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. ఇప్పుడు వాళ్ళకు ఆమె సాక్షి.

పని మళ్ళీ దొరకడానికి చాలా కాలం పట్టింది. రెండు బస్సులు మారి వెళ్ళాల్సిన దూరంలో ఓ అమ్మాయి కొత్తగా స్టూడియో పెట్టింది. మొదటి రోజు అద్దం అవతలి నుంచి ఆ అమ్మాయి, "మొదలుపెట్టండి మేడమ్," అంటే రేడియో నీళ్ళు తాగింది. కాగితం అటూ ఇటూ తిప్పింది. చివరికి తలుపు తీసి, "ఏమీ అనుకోకమ్మా. ఇది ఎక్కడెక్కడ వాడతారో ముందు రాసియ్యి. నిన్ను నమ్మక కాదు," అంది. అన్నాక, నమ్మకే అని తనకే తెలిసింది. ఆ అమ్మాయి రాసిచ్చింది. మోటారు పంపు వాడే విధానం, నలభై వాక్యాలు. ఒకప్పుడు అరగంట పని. ఆ రోజు సాయంత్రం దాకా పట్టింది.

కిందటి నెల వదిన వచ్చింది. చేతిలో పళ్ళ సంచి. కుర్చీ అంచున కూర్చుని చాలాసేపు పిల్లల కబుర్లు చెప్పింది. లేవబోతూ అసలు మాట బయటపెట్టింది.

"ఆయన సరిగ్గా తినడం లేదమ్మా. స్టూడియో కూడా సగం రోజులు తెరవడం లేదు. ఒక్కసారి వచ్చి పలకరించి పోకూడదూ? నువ్వంటే ఆయనకు ప్రాణం."

రేడియో పళ్ళ సంచి తీసుకుని లోపల పెట్టింది. వదిన మీద ఆమెకు కోపం లేదు.

"నేను రావడం ఎందుకు వదినా? ఆయన్నే రమ్మనండి. తిట్టను, కొట్టను, డబ్బు అడగను. ఆ రోజు బల్ల దగ్గర విన్నది ఎవరి గొంతో ఒక్క మాట చెప్పి పొమ్మనండి."

"చెబుతాను," అంది వదిన.

ఆయన ఇంతవరకూ రాలేదు. వస్తే టీ ఇవ్వాలా వద్దా అని ఆమె ఒకటి రెండుసార్లు అనుకుంది. ఏదీ తేల్చుకోకుండానే వదిలేసింది.